చిప్పలేరిన మేడం

సముద్రపు ఆల్చిప్పల మీద పరిశోధన చేసే మేడం ఒకామె మా మోక ఊరి కాలువకు వచ్చేది. ఆ చిప్పల్లో పురుగుమందు దొరికిందట. అది ఏ నీళ్లలో కలిసి వస్తోందో వెతుక్కుంటూ నది వెంట ఎగువకు వచ్చింది. మా కాలువలో దొరికిన మంచినీటి చిప్పను తెరిచే ముందు చేతుల్లో పెట్టుకుని, "ఏం తాగావమ్మా?" అని అడిగేది. మేం నవ్వేవాళ్లం.

అప్పటికి నాకు అక్షరం రాదు. కానీ మందు డబ్బా మీది పుర్రె బొమ్మకు అక్షరాలెందుకు? అయినా అందరిలాగే స్ప్రే పంపు కాలువలో కడిగేవాణ్ణి. ఒకరోజు కడిగి లేస్తుంటే ఆమె ఎదురుపడింది.

"ఈడ ఎవురూ కడగరమ్మా. అది పైనూరోళ్ల పని" అన్నాను. చేతిలో పంపు కారుతూనే ఉంది.  ఆమె నా కాళ్ల దగ్గరే వంగి చిప్పలు ఏరుకుంది.

అంతలో నా భార్య సద్ది తీసుకుని వచ్చింది. కాలువలో చెంబు ముంచి మేడంకిచ్చింది. ఆమె చెంబు పట్టుకుని నన్నే చూస్తూ, "తాగొచ్చా బాబాయ్?" అంది.

వద్దంటే నా అబద్ధం బయటపడుతుంది. వంగి పంపు మూత బిగించసాగాను. ఆమె చెంబును గట్టు మీద పెట్టింది.

"మన నీళ్లు మేడంకు పడవేమోలే" అంటూ నా భార్య చెంబెత్తి గటగటా తాగేసింది. మేడం చెయ్యి చాచినా అందలేదు. నేను పక్కనే ఉన్నాను.