పెరట్లో నడుములోతు నీళ్లు

కావలి దగ్గర, జువ్వలదిన్నె వెళ్లే దారిలో ఇల్లు కట్టుకునేనాటికి నాకు యాభై దాటాయి. అంతవరకూ బతుకంతా అద్దె వాటాల్లోనే గడిచింది. నెల్లూరులో ఉన్నా కావలిలో ఉన్నా గోడకి అవతల ఎవరిదో ఒక సంసారం ఉండేది. వాళ్ల కుక్కరు కూతలు, వాళ్ల పిల్లల ఏడుపులు, పొద్దున్నే కుళాయి దగ్గర వాళ్ల తగాదాలు. అవి వినలేకే సొంత ఇల్లు కావాలనుకున్నాను. నేను పెళ్లి చేసుకోలేదు. బడిలో లెక్కలు చెప్పడం, ఆదివారం చర్చికి వెళ్లడం, తక్కిన వేళల్లో ఇంటి పని. అందులో లోటేదీ నాకు తోచలేదు. సొంత ఇంట్లో చేరిన మొదటి వారంలోనే తోచింది. సాయంత్రం బడి నుంచి వచ్చి తలుపు తీస్తే, పొద్దున నేను వదిలి వెళ్లిన గాలే లోపల కదలకుండా ఉండేది.

ఇంటి వెనక ఇసుక నేల. దాని అంచున సరుగుడు తోట, ఆ తోట అవతల సముద్రం.

ఆ పెరట్లో ఈతకొలను కట్టాలన్న ఆలోచన నాది కాదు. మా బడిలో తెలుగు చెప్పే టీచరుది. నాకంటే బాగా చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. ఎండాకాలం ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో కరెంటు పోయి, అందరం అట్టలతో విసురుకుంటున్నాం. అప్పుడు ఆమె అంది.

"అక్కా, మీ పెరడు అంత ఉండాది గదా. చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించండి. ఈదేదానికి కాదు, ఊరికే నీళ్లలో కూర్చునేదానికి. సాయంత్రం అందరం వస్తాం. టీ తాగతా మాట్లాడుకుంటాం."

అందరూ నవ్వారు. సైన్సు చెప్పే ఆమె బజ్జీలు తను తెస్తానంది. ఇంకొకామె మగవాళ్లని గేటు లోపలికి రానీకూడదని షరతు పెట్టింది. కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది, వాళ్లకి ఆ మాట అక్కడితో అయిపోయింది. నాకు అవలేదు.

ఆ సాయంత్రమే మిగిలిపోయిన పరీక్ష కాగితాల వెనక ఆ నీళ్లతొట్టి బొమ్మ గీయడం మొదలుపెట్టాను. తొట్టి లోపల గోడ పొడుగునా ఒక అరుగు, దాని మీద కూర్చుంటే నీళ్లు నడుము దాకా రావాలి. టీ కప్పులు పెట్టుకోవడానికి వెడల్పాటి గట్టు. ఒక పక్క నీడకి పందిరి, దాని మీదికి మల్లె తీగ. తడి బట్టలు మార్చుకోవడానికి చిన్న గది. రోజూ గీతలు మార్చేదాన్ని. ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా నేనే నిర్ణయించేశాను. తెలుగు టీచరుకి ఎండ పడదు కాబట్టి పందిరి కింద. సైన్సు ఆమెకి మోకాళ్ల నొప్పులు కాబట్టి మెట్ల పక్కన. ఆ ఇంట్లో నేను సందడిగా గడిపిన రోజులేవంటే అవే. కాగితం మీద అందరూ వచ్చేవాళ్లు, ఎవరూ తొందరగా వెళ్లిపోయేవాళ్లు కారు.

మేస్త్రీ వచ్చి నేలంతా తిరిగి చూశాడు. ఇసుక కాబట్టి, వానాకాలం కింద నుంచి నీళ్లు ఊరతాయి కాబట్టి, తొట్టిని సగం నేలపైకే కడదామన్నాడు. సరేనన్నాను.

"ఎంతమంది కూర్చుంటారు మేడమ్?"

"ఎనిమిది మంది."

"ఇంట్లో అంతమంది ఉండారా?"

"బయటి నుంచి వస్తారు," అన్నాను.

అతను సున్నంతో ఇసుక మీద కొలత గీసి, వారం తర్వాత పని మొదలుపెడతానని చెప్పి వెళ్లాడు. కంచె అవతలి ఇంటామె ఆ గీత చూసి దగ్గరికొచ్చింది. ఆమె మొగుడు పడవ మీద వేటకి పోతాడు, ఆమె చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. అప్పటిదాకా మా మధ్య పెద్దగా మాటల్లేవు.

"ఏంది టీచరమ్మా, గది కడతుండారా?"

"గది కాదు. నీళ్లతొట్టి. కూర్చునేదానికి."

"సముద్రం అంతుండాది గదమ్మా అక్కడ."

"అక్కడ ఆడవాళ్లం ఎట్ట కూర్చుంటాం?"

ఆమె సరుగుడు తోట వైపు చూసింది. "అదీ నిజమే. నేనూ ఎప్పుడూ కూర్చోలా. చేపల కోసం పోయి వచ్చేదే," అని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే తెలుగు టీచరుకి వాకాడు పక్కకి బదిలీ అయింది. తీరం వెంట దక్షిణానికి చాలా దూరం. ఆదివారం అందరినీ టీకి పిలిచాను. తొట్టి ఎక్కడ వస్తుందో చూపించాలని ముందే అనుకున్నాను. ఇప్పుడది వీడ్కోలు కూడా అయింది. సున్నం గీత లోపల ప్లాస్టిక్ కుర్చీలు వేశాను. వచ్చిన వాళ్లు వచ్చినట్టే గీత దాటి కూర్చున్నారు. తెలుగు టీచరు చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, "నీళ్లు భలే చల్లగా ఉండాయక్కా," అంది. అందరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం. సైన్సు ఆమె నిజంగానే బజ్జీలు తెచ్చింది.

తర్వాత మాటలు బదిలీల మీదికి పోయాయి. సైన్సు ఆమె కూడా పిల్లల చదువు కోసం నెల్లూరుకి పెట్టుకుందట. ఇంకొకామె అత్తగారికి బాగోలేక సెలవు పెట్టబోతోందట. ఇవేవీ నాకు తెలియవు. ఎవరూ దాచలేదు, అడగాలని నాకే తట్టలేదు. బస్సు వేళవుతోందని లేచారు.

గేటు దగ్గర తెలుగు టీచరు నా చెయ్యి పట్టుకుంది. "పూల్ అయినాక ఫోన్ చెయ్యండక్కా. తప్పకుండా వస్తా."

"అంత దూరం నుంచా?"

"బస్సులుండాయి గదా," అంది.

వాళ్లు వెళ్లాక కుర్చీలు తీయబోయి, ఆమె కూర్చున్న కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి మా వంటింటి కిటికీ, మూసిన తలుపు కనిపించాయి. ఆ ఇల్లు వేరే ఎవరిదో అయినట్టుంది.

మేస్త్రీ కూలీలతో వచ్చినప్పుడు, ఇద్దరు కూర్చుంటే చాలని చెప్పాను. అతను పాత గీత చెప్పుతో చెరిపి లోపల చిన్న గీత గీశాడు.

తొట్టి పూర్తయింది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని ట్యాంకరుతో మంచినీళ్లు పోయించాను. తెలుగు టీచరుకి ఫోన్ చేశాను. సంతోషపడింది, ఫొటో పంపమంది, పంపాను. మొదటి సాయంత్రం చుడీదార్‌తోనే దిగి అరుగు మీద కూర్చున్నాను. నీళ్లు సరిగ్గా నేను అనుకున్నంత ఎత్తుకే వచ్చాయి. ఎదుటి అరుగు ఖాళీగా ఉంది. ఎటు చూడాలో తెలియక కాసేపటికే లేచేశాను. ఆ తర్వాత చాలా రోజులు దిగలేదు. రాలిన సరుగుడాకు తీసేయడం, నీళ్లు మార్పించడం, గట్టు కడగడం మాత్రం చేసేదాన్ని.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం పెట్టారు, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం పక్కింటామె గేటు తీసుకుని వచ్చింది.

"వేట లేదు గదా టీచరమ్మా, చేతులకు పని లేదు. ఒకసారి కాళ్లు పెట్టుకోనా?"

ఆమె గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో వేలాడదీసింది. నేను దిగాను. తర్వాత ఆమే అంది.

"ఆయన వేటకు పోతే భయం. ఇంట్లో ఉంటే విసుగు. మీరొక్కరే ఉంటే భయం గాదా?"

"భయం లేదు."

"మరేముండాది?"

నీళ్ల మీద తేలుతున్న సరుగుడాకు తీసి గట్టు మీద పెట్టాను. ఆమె కాళ్లు అటూ ఇటూ ఊపింది, ఆ కదలిక నీళ్ల మీదుగా వచ్చి నా నడుముకి తగిలింది.

ఆ నెలంతా దాదాపు రోజూ వచ్చింది. వేట తెరిచాక మానేసింది. ఒకరోజు కంచె మీద నుంచి ఎండుచేపల పొట్లం అందిస్తూ, "తీరిక ఉండడంలా టీచరమ్మా," అంది. "పర్లేదమ్మా," అన్నాను. ఆ చేపలు వేయించుకుని తిన్నాను. సాయంత్రం ఒక్కదాన్నే దిగి, చీకటి పడేదాకా నీళ్లలో కూర్చున్నాను. వేళ్ల కొసలు ముడతలు పడ్డాక లేచి, బట్టలు పిండుకుని లోపలికి వెళ్లాను.