అత్తగారి ఓవెన్‌కు నేను చేసిన వైద్యం

ఒక నిశ్చితార్థాన్ని, ఒక ఓవెన్‌ను, అత్తవారింట్లో నా పరువును ఒకే పూటలో తగలబెట్టబోయిన ఘనుణ్ణి నేను. మొదటిది ఎలాగో దక్కింది. మిగతా రెండింటి సంగతీ చెబుతాను, నవ్వకుండా వినండి. నవ్వినా నేను చేయగలిగిందేమీ లేదు లెండి.

సెల్‌ఫోన్‌ను చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడేలా పెట్టుకు తిరిగే రోజులవి. నాకు పెళ్లయి ఏడాది. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో మోటార్ల గురించి పాఠాలు చెప్పేవాణ్ణి. చెప్పడమే తప్ప ఒక్కటీ విప్పిన పాపాన పోలేదు. ఆ శనివారం పొద్దున్నే వట్లూరు నుంచి మా అత్తగారు ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ, సాయంత్రం చిన్నదాని నిశ్చితార్థం కదండీ. కేకు నేనే చేస్తానని గుండుగొలను వియ్యాలవారికి గొప్పగా చెప్పేశాను. తీరా చూస్తే ఓవెన్ తెగ వేడెక్కిపోతోందండీ! నిన్న చేసిన రెండూ పైన బొగ్గు, లోపల పచ్చిపిండి."

"మీరు దాన్ని ముట్టుకోకండి. నేను బయల్దేరుతున్నాను," అన్నాను, పెద్ద డాక్టరులాగా.

నేను వెళ్లేసరికి అత్తగారు, ముందే వెళ్లిన నా భార్య సునీత ఓవెన్ చుట్టూ దిగులుగా నిలబడి ఉన్నారు. మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మావయ్యగారు పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు.

"ఎంతలో పెడుతున్నారండీ అత్తయ్యగారూ?"

"మా అమ్మకి దొరసానిగారు రాసిచ్చిన నోట్సులో మూడొందల యాభై అనుంది బాబూ. దీని మీద అంకెలేమో రెండొందల యాభైతోనే ఆగిపోయాయి. అందుకని చివరిదాకా తిప్పేస్తున్నాను. నోట్సులో ఆ అంకె పక్కన 'ఎఫ్' అని కూడా ఉందండీ."

"ఎఫ్ అంటే ఫుల్ అండీ."

"నేనూ అదే అనుకున్నాను!"

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. మా ఇంట్లో అత్త తిప్పిందీ ఫుల్లే, అల్లుడు చెప్పిందీ ఫుల్లే.

మావయ్యగారు పేపరు కాస్త దించారు. "బాబూ, మందిచ్చే ముందు చీటీ ఇంకోసారి చదువుకుంటే మంచిదండీ."

"ఇది దగ్గుమందు కాదు మావయ్యగారూ, కరెంటు."

ఆయన పేపరు మళ్లీ ఎత్తుకున్నారు.

నేను గొంతు సవరించుకున్నాను. "మోయలేని బరువు వేస్తే మోటారు వేడెక్కుతుంది. రెండొందల యాభై ఓపిక ఉన్నదాన్ని మూడొందల యాభై అడిగితే ఆయాసపడదూ? ఇది ఓవర్‌లోడ్! దీని శక్తి పెంచితే వేడి అదే తగ్గుతుంది."

ఈ మాట దయచేసి ఇంకోసారి చదవండి. వేడి తగ్గాలంటే వేడి పెంచాలని తేల్చాను. పైగా నా దగ్గర పిల్లలు చదువుకుంటున్నారు.

"మనిషికి వేడి చేస్తే సబ్జా నీళ్లిస్తాం. దీనికేమిస్తారండీ?" అంది సునీత.

"గాలి," అని టేబుల్ ఫ్యాను తెచ్చి ఓవెన్‌కు ఎదురుగా పెట్టాను. నాబ్ పీకి, వెనక వేడిని అదుపులో ఉంచే చిన్న స్క్రూను ఇక తిరగనని మొరాయించేదాకా తిప్పాను. అత్తగారు ప్రార్థన చేసి, కలిపిన పిండిలో సగం లోపల పెట్టారు.

పది నిమిషాలకు పొగ లేచింది. మామూలుగా అయితే వంటింట్లోనే ఉండిపోయేది. నా ఫ్యాను పుణ్యమా అని ఇల్లంతా తిరిగింది. పెరట్లో కొల్లేటి చేపల పులుసు కాస్తున్న వంటాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏవండీ, లోపల కూడా చేపలు కాలుస్తున్నారాండీ?"

ఓవెన్ ఠాప్‌మని ఒక్క చప్పుడు చేసి చల్లబడిపోయింది. అత్తగారు పీట మీద కూలబడ్డారు. "వియ్యాలవారికి మొహం ఎలా చూపించనే సునీతా!" అని ఆవిడ కళ్లు ఒత్తుకుంటుంటే నాకు నిజంగా సిగ్గేసింది.

అప్పుడు లేచారు మావయ్యగారు. కళ్లజోడు పెట్టుకుని నోట్సు చదివారు.

"ఎఫ్ అంటే ఫారెన్‌హీటండీ. నాకు నూట రెండు జ్వరమంటే కంగారు పడతారు గానీ, మావయ్య మరిగిపోతున్నాడని అనుకోరు కదండీ? ఇదీ ఆ లెక్కే. ఓవెన్ మీద అంకెలు సెల్సియస్ లెక్కవి. అందులో నూట ఎనభైకి లోపే పెట్టాలండీ. దానికి ఏ రోగమూ లేదు బాబూ. ఇందాకటిదాకా."

"మరి పొద్దున్నే చెప్పలేదేమండీ?"

"కరెంటన్నారు కదండీ!"

మిగిలిన సగం పిండిని ఆయనే గిన్నెలో పోసి, కుక్కర్ అడుగున ఇసుక పరిచి, విజిల్ తీసేసి సన్నని సెగ మీద పెట్టారు. గంటకు బంగారంలా పొంగింది.

సాయంత్రం పెళ్లికొడుకు తండ్రి రెండో ముక్క తీసుకుంటూ, "ఎంత బాగుందండీ! ఏ ఓవెన్‌లో చేశారండీ?" అన్నారు.

అత్తగారు అబద్ధమాడని మనిషి. "మా అల్లుడుగారు బాగుచేసిన ఓవెన్ పక్కనున్న స్టవ్ మీదండీ," అన్నారు.

కాబట్టి సాక్షులైన పాఠకులారా, ఇదే నా ప్రతిజ్ఞ. చీటీ పూర్తిగా చదవనిదే ఇక ఏ స్క్రూనూ ముట్టను. నూట రెండు జ్వరం వచ్చినా ఈ మాట తప్పను. అది ఏ లెక్కలో నూట రెండన్నది మాత్రం ముందు మావయ్యగారిని అడుగుతాను.