ఇరుసులో సంకటి

మా మామగారికి బండి అంటే ప్రాణం. ఉదయగిరిలో ఎవరి బండి మొరాయించినా ముందు ఆయన్నే పిలిచేవారు. ఆయన చెవి ఒగ్గి చక్రం చప్పుడు వినేవారు, వంగి ఇరుసు వాసన చూసేవారు, ఆ తర్వాత జబ్బు పేరు చెప్పేవారు. చెప్పింది తప్పయితే తప్పు బండిదే గాని ఆయనది కాదు. కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే నాకు ఈ సంగతి అర్థమైంది.

ధాత నామ సంవత్సరపు కరువు కాస్త తెరిపి ఇచ్చిన ఏడు మా పుట్టినూరు ఆత్మకూరులో నా చెల్లెలి పెళ్లి కుదిరింది. మా అమ్మ ఒక మనిషితో కబురు పంపింది. "బియ్యం ఎట్నో కూడబెట్టినాము. పిల్లకి తలంటేదానికి ఆముదం చుక్క కూడా లేదు" అని. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. పుట్టింట ఉన్నన్నాళ్లూ ఆ పిల్ల తలకి నూనె పెట్టింది నేనే. అది వట్టి తలతో పెళ్లిపీటల మీద కూర్చుంటుందా?

మా ఇంట్లో ఆముదం ఉంది. కాని ఆ కుండ అత్తగారి కాపలాలో ఉండేది. ఆవిడ కన్నుగప్పి అందులో వేలు ముంచడం దేవుడి వల్ల కూడా కాదు. అలాంటి మనిషి ప్రయాణానికి ముందురోజు తానే సోలెడు ఆముదం కొలిచి నా చేతికిచ్చారు, బండికి కందెన కలపమని. గడ్డి కాల్చిన మసిలో ఆముదం పోసి నూరితే కందెన అవుతుంది. దాన్ని ఇరుసుకు పూస్తే చక్రం సులువుగా తిరుగుతుంది. నేను ఆముదాన్నంతా ఒక ముంతలో పోసి, మూతికి గుడ్డ కట్టి, చీరల మూటలో దాచేశాను. మసి ఎలాగూ ఉంది. సంకటి కుండలో అడుగంటిన మాడు గీకి, నీళ్లు పోసి, ఆ మసిలో పిసికాను. నల్లగా, నున్నగా, అచ్చం కందెనలాగే వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయి రెండు చక్రాలకీ దట్టంగా పట్టించాను.

మా ఆయనకి పొలం పని తెమల్లేదు. మామగారు బండి తోలారు, నేను వెనక కూర్చున్నాను. మొదటి రోజు ఏ గొడవా లేదు. సంకటి ఇంకా తడిగా ఉంది మరి. రెండో రోజు మర్రిపాడు దాటి చాలా దూరం వచ్చాక కుడి చక్రం కీచుమంది. కాసేపటికి మూలగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పొగ.

"సీల బిగుసుకొని ఉండాది" అన్నారు మామగారు, దిగి చూసి. చక్రం జారిపోకుండా ఇరుసు చివర దిగ్గొట్టే ఆ సీలను కొంచెం వదులు చేశారు. పది బారలు పోయామో లేదో మళ్లీ పొగ.

"నువ్వు కుడి పక్కన కూర్చోబట్టి. ఎడమకి జరుగు."

జరిగాను. ఆ కరువులో నా బరువు మేకపిల్ల కంటే ఎక్కువ ఉండదు. ఈసారి ఎడమ చక్రం కూడా కీచుమంది. మామగారు ఉదయగిరి వడ్రంగిని తిట్టారు, బయలుదేరేటప్పుడు తుమ్మినవాడెవడో వాణ్ణి తిట్టారు, మేము తాగడానికి తెచ్చుకున్న నీళ్లు చక్రం మీద గుమ్మరించారు. చుర్రుమని ఆవిరి లేచింది. దానితో పాటు మాడిన రాగిసంకటి వాసన.

అప్పుడే ఒక ముసలి కాపరి మేకలు తోలుకుంటూ అటుగా వచ్చాడు. వెంట ఉన్న కుక్క మేకల్ని వదిలేసి తిన్నగా మా చక్రం దగ్గరికి వచ్చి నాకింది. నాలుక కాలి కుయ్యోమంది, మళ్లీ నాకింది.

"ఏందన్నా, బండికి కూడు పెట్టినావా?" అన్నాడు కాపరి.

మామగారు ఎద్దుల్ని విప్పి, కాపరి సాయంతో బండెత్తి కింద రాయి పెట్టి, చక్రం ఊడదీశారు. ఇరుసు చుట్టూ నల్లటి పెచ్చు కట్టి ఉంది. గోటితో కొంచెం గీకి వాసన చూశారు. నాలుక మీద వేసుకున్నారు.

"ఉప్పు చాల్లేదు" అన్నారు.

నేను మూటలో తల దూర్చాను. ఆయన నావైపు తిరగకుండానే అన్నారు: "ఇట్నే తోలితే చక్రం కాలిపోతాది. తెల్లారితే తలంటు. నువ్వేమో ఈడనే కూర్చోనుంటావు."

ఇక దాచి లాభం లేదు. ముంత తీసి ఆయన ముందు పెట్టాను. "చెల్లెలికి, మామా. తలంటేదానికి" అని ఏడ్చేశాను. నిజం ఏడుపే. దొరికిపోయినందుకు కాదు, ఆముదం పోతున్నందుకు.

ఆయన బండిలో పరిచిన గడ్డి కొంత కాల్చి మసి చేశారు. పెచ్చంతా గీకేసి, ఆముదం పోసి కందెన కలిపి కుడి చక్రానికి బాగా పట్టించారు. ముంత సగమైంది. ఎడమ చక్రం కోసం మళ్లీ ముంత వంచబోయి, నా మొహం చూసి ఆగారు. వేళ్లకి అంటుకున్నదే ఎడమ ఇరుసుకి రాసి, ముంతకి గుడ్డ కట్టి నా ఒళ్లో పెట్టారు.

"బరువు తగ్గితే ఇరుసు కాగదు" అని, ఎద్దుల్ని మళ్లీ కట్టి, పగ్గాలు పట్టుకొని నడక మొదలుపెట్టారు.

నేనూ దిగుతానన్నాను. "ముంత ఒలికితే నీ చెల్లెలు నన్ను తిడతాది. కూర్చో" అన్నారు.

ఆత్మకూరు ఇంకా ఆమడ దూరం. వియ్యంకుల ఊళ్లోకి తలపాగా చుట్టి, దర్జాగా బండి మీదే దిగాలని కలలు కన్న మనిషి ఆ ఎండలో ఆమడా నడిచారు. నడుమనడుమ ఎడమ చక్రం మీద అరచెయ్యి పెట్టి చూసుకునేవారు. అంతకు ముందూ ఆ తర్వాతా నేను చాలా దొంగతనాలు చేశాను. సిగ్గుపడింది మాత్రం ఆ ఒక్కదానికే.

పొద్దు వాలకముందే పుట్టింటి ముందు బండి ఆగింది. మా అమ్మ ముంత అందుకొని లోపలికి పరిగెత్తింది. ముంగిట నిండా చుట్టాలు. మా నాయన ఎదురొచ్చి, మోకాళ్ల దాకా దుమ్ము కొట్టుకుపోయిన మామగారిని చూసి నోరు తెరిచారు.

"ఏంది బావా, బండి పెట్టుకొని నడిచి వచ్చినావే?"

నేను తల దించుకున్నాను. మామగారు నా వైపు ఒకసారి చూసి, తలపాగా విప్పి దుమ్ము దులుపుకున్నారు.

"ఏం చేసేది బావా, దోవలో మీ పిల్ల చేసిన సంకటి తిన్నాను. నడవందే అరిగేటట్టు లేదు."