ఆరు దాటని ట్రెడ్‌మిల్

ట్రెడ్‌మిల్‌ల వేగం గురించి నాకు తెలిసినంత మా క్వార్టర్స్‌లో ఏ ఆడదానికీ తెలియదు. తెలుసుకోవాల్సిన ఖర్మ పట్టింది కాబట్టి తెలుసు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా తమ్ముడు బల్ల కింద పెట్టుకుని, మీటింగులు వింటూ నడిచేది గంటకు ఆరు కిలోమీటర్లు దాటదు. మా ఇంట్లో మంచం పక్కన మడిచి పెట్టుకున్నది పన్నెండు దాకా పోతుందంటారు గానీ పదికే గది అదిరిపోతుంది. మా ఆయన యూనిట్ జిమ్‌లోది ఇరవై. అందుకే తమ్ముడింటికి వెళ్లినప్పుడల్లా, కోడిపిల్లలా నడుస్తున్నావేంటోయ్ అని వాణ్ణి ఏడిపించేవారు.

ఆయన సైన్యంలో నాయబ్ సుబేదార్. ఢిల్లీ కంటోన్మెంట్‌కి వచ్చాక సుబేదార్ అయ్యే వంతు వచ్చింది. దానికి ముందు జరిగే మెడికల్‌లో ఈసీజీ తేడాగా ఉందని, ట్రెడ్‌మిల్ మీద గుండె పరీక్ష చేయించుకోమన్నారు. గుండె బాగాలేదని తేలితే మెడికల్ కేటగిరీ పడిపోతుంది, ప్రమోషన్ పోతుంది.

ఇంకొకరైతే భయపడి ఇంటిపట్టున ఉంటారు. ఫౌజీ బుర్ర వేరు. పరీక్షంటే ప్రాక్టీసు చేసి పాసవ్వాల్సిందే. పొగా మంచూ కలిసి బయట ఊపిరాడని రోజులవి. గ్రౌండులో పరుగు మాని జిమ్‌లో పద్నాలుగు మీద పరిగెత్తి వచ్చేవారు. ముఖం పాలిపోయి ఉండేది. గుండె పరీక్షకి ప్రాక్టీసేమిటండీ అని పోట్లాడాను. నీకు తెలియదు, ఊరుకో అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆసుపత్రిలో నన్ను బయట కూర్చోబెట్టారు. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఛాతీకి వైర్లు అంటించి మెషీన్ ఆన్ చేస్తే దాని వేగం మూడు కూడా లేదు. నేను కూరగాయలకి వెళ్లే నడక. ఆయన నవ్వారు. ఆ మెషీన్ గొప్పంతా వేగంలో లేదని ఆయనకెవరూ చెప్పలేదు. కాసేపటికోసారి దాని ముందువైపు పైకి లేస్తుంది, వేగం కొంచెం పెరుగుతుంది. ఆరు దాటకుండానే కొండ ఎక్కించేస్తుంది. నొప్పి వస్తే వెంటనే చెప్పమని డాక్టర్ మళ్లీ మళ్లీ చెప్పారు. చెప్పినప్పుడల్లా ఈయన "ఠీక్ హై సర్" అన్నారు.

అప్పుడు వినబడింది, పళ్ల మధ్య నుంచి కవాతు లెక్క, "ఏక్ దో ఏక్, ఏక్ దో ఏక్" అని. ఒకప్పుడు వాలీబాల్ ఆడుతూ పడి భుజం జారితే, దాన్ని సరిచేస్తున్నంతసేపూ కేక పెట్టకుండా గొణిగింది అదే. లేచి లోపలికి వెళ్లిపోయాను. ఆపేయండి, ఈయనకి నొప్పిగా ఉంది, చెప్పడం లేదు అని వచ్చీరాని హిందీలో చెప్పాను. డాక్టర్ బెల్టు ఆపారు. పెళ్లయ్యాక ఆయన నన్ను అంత అసహ్యంగా చూడటం అదే మొదటిసారి.

గుండె రక్తనాళాలు రెండు పూడుకుపోయాయట. స్టెంట్లు వేశారు. కేటగిరీ పడిపోయింది. సీనియారిటీలో ఆయన వెనకున్నవాడు సుబేదార్ అయ్యాడు.

ఇంటికొచ్చాక ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే, తలెత్తకుండా అన్నారు.

"నువ్వు ఊరుకునుంటే పాసయ్యేవాణ్ణి."

"ప్రాణం పోయేది," అన్నాను.

"పోతే సుబేదారుగా పోయేవాణ్ణి."

మరి నేనేమైపోయేదాన్ని అని అడగాలని నోటిదాకా వచ్చింది. దానికి కూడా ఆయన దగ్గర జవాబు ఉంటుందేమోనని భయం వేసింది.