తొమ్మిదో అంతస్తులో కుంపటి

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని అందరూ హడలిపోతున్న ఆ రోజుల్లో మా ఉద్యోగమల్లా ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలున్న చోట నాలుగంకెలు పెట్టడమే. అందుకోసమే సింగపూర్ పిలిచి మరీ జీతమిచ్చేది కాబట్టి ప్రపంచాన్ని నేనే కాపాడుతున్నానని గట్టి నమ్మకం. (ఇంట్లో మాత్రం నోరు పెగిలేది కాదు, అది వేరే సంగతి.) అక్కడ యూ టీ అనే పేటలో, తొమ్మిదో అంతస్తులో చిన్న అద్దె ఫ్లాటు. మా ఆవిడకు ఆడపిల్ల పుట్టగానే కాకినాడ నుంచి మా అత్తగారు దిగారు. ఆవిడ సూట్‌కేసు అడుగున, పాత నేతచీరలో చుట్టుకుని, ఒక ఇనుప కుంపటి కూడా దిగింది.

బాలింతకు గాలి సోకకూడదు, గది వెచ్చగా ఉండాలి. అది అత్తగారి శాసనం. కిటికీ బెత్తెడు మాత్రం తెరిచి, ఫ్యాను ఆపి, గది గుమ్మంలో కుంపటి రాజేసి వాము, సాంబ్రాణి చల్లేవారు. ఊరేమో ఏడాది పొడుగునా ఉక్కే. మా ఆవిడ తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, చెమటలు కారిపోతూ నా చెయ్యి పట్టుకుంది. "ఏమండీ, మీకు పుణ్యముంటుంది. నేను చెప్తే అమ్మ వినదు. మీరంటే గౌరవం కదా, ఒక్క గంట ఫ్యాను వేయించండి." "ఓస్, అంతేనా!" అని హాల్లోకి వెళ్లాను. కుంపటి పక్కన నిలబడ్డాను. అత్తగారి మొహం చూసి, "కాఫీ చాలా బాగుందండీ" అని వచ్చేశాను. మూడు రోజులు అలా కాఫీనే మెచ్చుకున్నాను. నాలుగో రోజు మా ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

పక్కింట్లో ఒక చైనా ఆంటీ ఉండేది. కారిడార్లో చెప్పులు వంకరగా విడిచినా ఊరుకునే మనిషి కాదు. లిఫ్టులో ఆవిణ్ణి పట్టుకుని, "ఆంటీ, మా ఇంట్లోంచి పొగ వస్తోందని మీరొచ్చి కాస్త గట్టిగా కేకలెయ్యాలి. అప్పుడు కుంపటి ఆర్పేసి ఫ్యాను వేసుకుంటాం" అని బతిమాలాను. "కెన్, కెన్" అంది, అంటే సరేనని.

సాయంత్రం ఆంటీ వచ్చింది. కుంపటిని చూసింది, మా ఆవిడ తలగుడ్డ చూసింది, మొహం వెలిగిపోయింది. గిర్రున నా వైపు తిరిగి, "బేబీ మమ్మీకి ఫ్యానా? కెనాట్ లా, కూడదు! గాలి లోపలికి పోతే ముసలితనంలో కీళ్లు పట్టేస్తాయి, తెలీదా?" అని నన్నే కేకలేసింది. అంతటితో ఊరుకుందా! తన కాన్పులనాటి మట్టి పొయ్యి, సంచెడు బొగ్గులు, బోలెడు అల్లం తెచ్చిచ్చింది. ఆవిడ చైనా భాషలో, మా అత్తగారు తెలుగులో పావుగంట మాట్లాడుకున్నారు. ఒక్క ముక్క తేడా రాలేదు. ఇప్పుడు గుమ్మంలో రెండు పొయ్యిలు! పెనం మీంచి పొయ్యిలో పడ్డామంటే మాటవరసకు కాదు.

మా ఆవిడ నన్నొక చూపు చూసింది. కళ్లల్లో నీళ్లున్నాయి. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "అత్తయ్యగారూ, మీ అమ్మాయి ఉడికిపోతోందండీ. నేను ఫ్యాను వేసేస్తున్నాను." చెయ్యి అప్పటికే స్విచ్చి మీద ఉంది.

అత్తగారు కుర్చీలో కూలబడి పమిటచెంగుతో మెడ తుడుచుకున్నారు. "ఆ ముక్క మొదటిరోజే అనొచ్చుగా బాబూ? నా ప్రాణమూ పోతోంది. రేపు మీవాళ్లు, కన్నతల్లి వచ్చి కూడా కూతురికి సరిగ్గా చెయ్యలేదంటారేమోనని నా భయం. మీరేమో రోజూ వచ్చి కుంపటి పక్కన నిలబడుతుంటే, అది చల్లారిందేమోనని చూసుకోడానికి వస్తున్నారనుకున్నాను!"

ఫ్యాను తిరిగింది. రెండు నిమిషాల్లో అందరికంటే ముందు నిద్రపోయింది అత్తగారే.

అత్తగారు పోయి చాలా ఏళ్లయింది. కుంపటి బాల్కనీలో ఉంది, అందులో కరివేపాకు మొక్క పెంచుతున్నాం. ఆనాటి ఆ పిరికి తండ్రిని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. పెద్దగా మారానని మాత్రం చెప్పలేను. ఇవాళ్టికీ కష్టమైన మాటేదైనా చెప్పాలంటే ముందు, "కాఫీ చాలా బాగుంది" అంటాను. మా ఆవిడ గ్లాసు కింద పెట్టి, "సరే, అసలు సంగతి చెప్పండి" అంటుంది.