తోటమాలి చేతులు

తుంగ కనబడితే తోటమాలి చెయ్యి ఊరుకోదు. ముప్పై ఏళ్ళుగా పార్కులో ఆ కలుపును వేళ్ళతో సహా పెకలించి పెకలించి ఆయన బొటనవేలి గోరు అరిగిన పారలా తయారైంది. అలాంటి మనిషికి, పాడుబడ్డ మడుగును బాగుచెయ్యడానికి వచ్చిన మేడమ్, గట్టు పొడవునా తుంగ నాటే పని అప్పజెప్పింది. తుంగ ఉంటే వాననీళ్ళు అక్కడే ఆగుతాయట, పిట్టలు చేరతాయట, పల్లంలో ఇళ్ళు మునగవట. ఆయన ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఇష్టంలేని సంబంధానికి పిల్లనిస్తున్న తండ్రిలా మొహం పెట్టుకుని, ఒక్కో దుబ్బూ నాటేవాడు. ఒకరోజు పక్కవాడితో అల్లుడి సంగతులు చెబుతూ చెబుతూ, పొద్దున నాటిన వరసంతా పీకి గట్టుమీద పోగేశాడు.

“ఇదేంటి బాబాయ్?” అంది మేడమ్.

ఆయన పోగు వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు. “నాకు చెప్పారు గానీ వీటికింకా తెలీదమ్మా,” అన్నాడు. పొద్దుగూకేలోగా అన్నీ మళ్ళీ నాటాడు.

మరుసటి ఏడు వానలకు మడుగు నిండింది గానీ, పల్లంలో ఉన్న ఆయన ఇంట్లోకి నీళ్ళు రాలేదు. ఏటా మంచంకోళ్ళ కింద పెట్టే ఇటుకలు భార్య తీసి పెరట్లో పడేసింది. “మీ తుంగ పుణ్యమే,” అందామె. “ఈసారి వానే తక్కువ,” అన్నాడాయన. ఆ ఇటుకల పక్కనే ఇప్పుడొక తుంగ మొలిచింది. రోజూ పొద్దున్నే దాని ముందు కాసేపు నిలబడతాడు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.