నల్లచుక్కల బిస్కట్లు

సామ్రాజ్యం టీచరుగారికి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఏది చూసినా అది ఎలా అయిందో తెలిసేదాకా ఆవిడకు తోచదు. చిన్నప్పుడు రేపల్లెలో, ఒక క్రిస్మస్ మధ్యాహ్నం, మిషన్ ఆస్పత్రి దొరసానిగారు అక్కచెల్లెళ్లిద్దరి చేతుల్లో చెరో బిస్కట్టు పెట్టారు. చెల్లెలు విజయమ్మ తన బిస్కట్టును గబగబా తినేసింది. సామ్రాజ్యం మాత్రం అరుగు మీద కూర్చుని, తలలోంచి పిన్ను తీసి, బిస్కట్టులోని నల్లటి ముక్కల్ని ఒక్కొక్కటే పెకలించి చూసింది. చాక్లెట్టు! చేత్తో పట్టుకుంటేనే కారిపోయే చాక్లెట్టు, మంటల్లో కాలిన బిస్కట్టులో ముక్కకు ముక్కగా ఎలా కూర్చుంది? అగ్నిగుండంలో పడేసినా బైబిల్లోని షద్రకు, మేషాకు, అబేద్నెగోలకు తల వెంట్రుక కూడా కమలలేదని సండేస్కూల్లో చెబితే నమ్మింది గానీ, దీన్ని మాత్రం నమ్మలేకపోయింది.

ఆ సందేహాన్ని కడుపులో పెట్టుకునే పెరిగింది, పెళ్లి చేసుకుంది, తెనాలిలో ఎలిమెంటరీ స్కూలు టీచరైంది. 1988లో బాపట్లలో ఉన్న విజయమ్మకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరమైతే తగ్గింది గానీ, పోతూ పోతూ నోటి రుచిని కూడా పట్టుకుపోయింది. గంజి చూస్తే మొహం తిప్పేసేది. బ్రెడ్డు ముక్క నోట్లో పెడితే ఉమ్మేసేది. మనిషి చీపురుపుల్లలా అయిపోయింది. తిండి లోపలికి పోకపోతే మందులేం చేస్తాయని డాక్టరు చేతులెత్తేశాడు.

ఆదివారం ఆరాధన కాగానే సామ్రాజ్యం రైలెక్కి బాపట్ల వెళ్లింది. "ఏం తినాలనుందే నీకు? నోరు తెరిచి చెప్పు" అని బతిమాలింది.

విజయమ్మ కళ్లు కూడా తెరవలేదు. "ఆ దొరసానమ్మ బిస్కట్టు పెడితే తింటానక్కా" అంది.

వేళాకోళానికే అంది. సామ్రాజ్యం వేళాకోళంగా తీసుకోలేదు. చెల్లెలు దక్కదేమోనని ఆవిడకు లోలోపల వణుకుగా ఉంది. భయపడే మనిషికి చేతిలో ఏదో ఒక పని ఉండాలి కదా.

మనవాళ్లకు తీపి అంటే ముందు పాకం. సామ్రాజ్యానికీ ఆ అలవాటే. బిస్కట్టులో బెల్లం వాసన లాంటిదేదో ఉండేదని గుర్తుంది కాబట్టి, తెనాలి తిరిగి రాగానే బెల్లం పాకం పట్టి, అందులోనే చాక్లెట్టు వేసి, మైదా, వెన్న, చిటికెడు వంటసోడా కలిపింది. డిసెంబరులో, క్రిస్మస్ కోసం, తెనాలి పేటల్లో ఇంటింటివాళ్లూ పిండి ముద్ద తపేలాలో పెట్టుకుని బేకరీకి మోసుకెళ్లి బిస్కట్లు కాల్పించుకుంటారు. ఆవిడా అలాగే సాంబశివరావు బేకరీలో కాల్పించింది. బిస్కట్లు కారునలుపుగా, రాళ్లలా వచ్చాయి. భర్త లూకా ఒకటి కొరికి, దవడ పట్టుకుని, "ఇవి పేషెంటుకి కాదే, గోలీలాటకి" అన్నాడు. ఆ పూట ఆయనకు కూర వడ్డించలేదు.

తప్పెక్కడుందో తెలిసింది. పాకం వద్దు. ఈసారి బెల్లం తరుగు వేసి పిండి కలిపి, చాక్లెట్టును కత్తితో ముక్కలు కోసి అందులో వేసింది. తపేలా బేకరీలో అప్పగించి బడికి పోయింది. సాయంత్రం వచ్చి చూస్తే, పువ్వుల అచ్చు వేసిన చక్కటి బిస్కట్లు, అన్నీ గోధుమరంగులో ఉన్నాయి. వాటిలో నల్లచుక్క ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ముక్కలేవయ్యా?" అంది.

సాంబశివరావు ఛాతీ విరుచుకున్నాడు. "మీ పిండి నిండా గడ్డలేనండి టీచరుగారూ! ఎవరి పిండైనా నేను మళ్లీ పిసక్కుండా అచ్చులో వెయ్యనండి. మీది గడ్డలు కరిగేదాకా పిసికి పిసికి నా చేతులు పడిపోయాయనుకోండి."

పాపం, అతను మర్యాదే చేశాడు. ఆ మర్యాదకు ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికి వచ్చి ఏడ్చింది.

మర్నాడు బడికి సెలవు పెట్టింది. చాక్లెట్టు ముక్కలు దారిలో కరక్కుండా డబ్బాను తడిగుడ్డలో చుట్టి, కొత్త కుండలో పెట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బేకరీకి వెళ్లింది. బల్ల దగ్గర తానే నిలబడి, ముక్కల్ని ఆఖరున పిండిలో వేసి, చేత్తో ఉండలు చేసి రేకు మీద పెట్టింది.

"అచ్చు లేకపోతే బిస్కట్టుకి అందం ఏముంటుందండి?" అని సాంబశివరావు బాధపడిపోయాడు.

"అందం నాకొద్దు బాబూ. నాకు గడ్డలే కావాలి. నువ్వు చెయ్యి పెట్టావంటే ఊరుకోను."

రొట్టెలు దించాక బట్టీ కాస్త చల్లబడింది. అప్పుడు రేకు లోపలికి వెళ్లింది. సామ్రాజ్యం మొహం ఎర్రబడేదాకా బట్టీ నోటి దగ్గర వంగి చూస్తూనే ఉంది. ఉండలు మెల్లగా పరుచుకున్నాయి, అంచులు రంగు తిరిగాయి. నల్లచుక్కలు ఉన్నచోటే ఉన్నాయి! రేకు బయటికి రాగానే ఆగలేక పుల్లతో ఒక చుక్కను పొడిచింది. పుల్లకు చాక్లెట్టు జారుగా అంటుకుంది. ఆవిడ నోరు వెళ్లబెట్టింది. కరగలేదని ఇన్నేళ్లూ అనుకుంది. కరిగింది! కరిగి ఎటూ పోలేదు, అంతే. చుట్టూ పిండి పట్టి ఉంచింది, చల్లారాక మళ్లీ గట్టిపడింది. అంత చిన్న సంగతి. ఆవిడ బేకరీలో నిలబడి చిన్నపిల్లలా పకపకా నవ్వింది.

ఆ మధ్యాహ్నమే డబ్బాతో బాపట్ల చేరింది. విజయమ్మను దిండుకు ఆనించి కూర్చోబెట్టి, ఒక బిస్కట్టు చేతిలో పెట్టింది.

విజయమ్మ అంచు కొరికింది. చాలాసేపు నమిలింది. "ఇది అది కాదే" అంది.

"ఎందుకు కాదు? చుక్కలు చూడు!"

"దాంట్లో ఇంత బెల్లం లేదు."

"ఉంది. నాకు గుర్తుంది."

"నువ్వసలు తిన్నావా? పిన్నుతో పొడుస్తూ కూర్చున్నావు. తిన్నదాన్ని నేను. అది ఇంకా మెత్తన." అని వాదిస్తూనే విజయమ్మ రెండోది తీసుకుంది. అదీ బాగాలేదని చెప్పి పూర్తిగా తినేసింది. అక్కకు వంట చేతకాదని, నాన్న ఎప్పుడూ ఆ మాటే అనేవాడని గుర్తుచేసింది. సామ్రాజ్యానికి ఒళ్లు మండింది. డబ్బా మూత పెట్టేసి, "నీకోసం బడి మానుకుని బట్టీలో మొహం మాడ్చుకున్నాను, నాదే బుద్ధితక్కువ" అంది.

విజయమ్మ పెదాలు తుడుచుకుంది. మొహం చిట్లించి, "తీపి తిని నోరు వెగటుగా ఉందక్కా. కాసిని మెతుకులు, గోంగూర పచ్చడీ కలిపి పెట్టవే" అంది.

జ్వరం మొదలయ్యాక ఆ ఇంట్లో విజయమ్మ అన్నం అడగడం అదే మొదలు. సామ్రాజ్యం వంటింట్లోకి వెళ్లి, కుండ మూత తీసి, కంచంలో అన్నం పెట్టుకుంది. కళ్లనీళ్లకు పచ్చడి జాడీ కూడా సరిగ్గా కనిపించలేదు.